పడుగు అవతలి బండి

సదానందం మొదటి బండి పోయింది పట్టపగలు. అదీ ఆయన ఇంట్లో ఉండగా, బండికీ ఆయనకీ నడుమ ఒక్క గోడ మాత్రమే ఉండగా. కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి మగ్గం మీద కూర్చున్నాడంటే పంజా చప్పుడు తప్ప లోకంలో ఇంకేదీ చెవికెక్కదు. ఇనప పళ్ల దువ్వెన లాంటి ఆ పంజాతో దారాన్ని దట్టంగా కొట్టుకుంటూ ఆయన ఒక ఎర్ర పట్టీ పూర్తి చేశాడు. ఈలోపు వీధిలో ఎవడో మహానుభావుడు హ్యాండిల్ లాకు విరగ్గొట్టి, తన సొంత బండిలాగా నింపాదిగా తోసుకుపోయాడు. సదానందం అన్నానికి లేచి బయటికొచ్చి చూస్తే బండి ఉండాల్సిన చోట నూనె మరక ఉంది.

పోలీసులు కాగితం రాసుకున్నారు. ఇక ఆ కాగితం సంగతి ఎవరికీ తెలియదు. బండి పోయిన బాధ ఒక ఎత్తు, వాడకట్టు వాళ్ల పరామర్శలు ఒక ఎత్తు. ఎదురింటి బాలరాజు అయితే వారం పాటు రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ అదే మాట అడిగాడు.

"ఇంట్లనే ఉన్నవట గద సదన్నా? అయినా తెల్వలేదా?"

నిజానికి బండి సదానందానిది అన్న మాటే గానీ, దాని మీద తిరిగేది ఆయన కూతురు సుభాషిణి. డిగ్రీ అయిపోయి మూడేళ్లుగా సర్కారు కొలువు కోసం చదువుతోంది. పొద్దున్నే హనుమకొండ లైబ్రరీకి పోవడం, చీకటి పడ్డాక రావడం. ఆడపిల్లకు మోటారు సైకిలేమిటని వాడలో కొందరు మూతులు తిప్పినా ఆమె పట్టించుకోలేదు, ఆయనా పట్టించుకోలేదు. కిందటిసారి నాలుగు మార్కుల్లో పోయింది కొలువు. మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి ఇన్నేళ్లు పట్టింది. ఈసారి కాకపోతే మళ్లీ ఎప్పుడో చెప్పేవాళ్లు లేరు. బండి పోయినప్పటి నుంచి ఆ పిల్ల రెండు ఆటోలు మారి లైబ్రరీకి పోతుంటే, వీధి చివర దాకా వెళ్లే ఆమె వీపును చూసి సదానందం ప్రాణం ఉసూరుమనేది.

అప్పుడు సదానందం భార్య భారతి తమ్ముడు మధు వచ్చాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో కాంటా దగ్గర పనిచేసే మధు కొత్త బండి కొనుక్కుని, పాతది తెచ్చి అక్క ఇంటి ముందు నిలబెట్టాడు. తాళంచెవి సదానందం చేతికి ఇవ్వబోయి, ఆగి, సుభాషిణి చేతిలో పెట్టాడు.

"బావా, ఇది నీకిస్తలేను. నా కోడలికిస్తాన. నువ్వు జర పైలంగ చూస్కో, అంతే."

మధు నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ 'పైలం' అన్న మాట సదానందం చెవిలో జోరీగలా దూరి, ఇక బయటికి రాలేదు.

మొదట గొలుసు కొన్నాడు. మామూలు గొలుసు కాదు, ఏనుగును కట్టేయడానికి సరిపోయేంత లావుది. దాంతో బండిని కరెంటు స్తంభానికి కట్టాడు. లైన్‌మన్ వచ్చి నాలుగు తిట్టి పోయాడు. మేస్త్రీని పిలిపించి గోడలో ఇనప కడియం పెట్టించాడు. కడియం బాగానే ఉంది, గోడే పాతదని తర్వాత గుర్తొచ్చింది. గోడను పెకిలించుకుపోతే ఏం చేయాలో తోచక, ఇంజను దగ్గర ప్లగ్గు వైరు పీకి రాత్రిపూట తలగడ కింద పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఆ వైరు చొక్కా జేబులో ఉండగానే నూలు కోసం సొసైటీకి పోయాడు. ఇక్కడ సుభాషిణి అరగంట సేపు కిక్కు కొట్టి కొట్టి, చెమటతో తడిసిపోయి, చివరికి ఆటో ఎక్కి పోయింది.

మగ్గం మీద కూర్చున్నా కుదురు లేదు. వెడల్పాటి జంపఖానా నేసేటప్పుడు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. భారతి ఎడమ పక్క, ఆయన కుడి పక్క. పది నిమిషాలకోసారి ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు.

"ఇట్ల లేస్తాంటె ఈ పట్టీ దసరాకు గూడ కాదు. బండికి కాళ్లొచ్చినయా పోనీకి?" అనేది భారతి.

"ముందటి బండికి కాళ్లుండెనా?" అనేవాడు ఆయన.

ఆ మాటకు భారతి పంజా అందుకుని మళ్లీ కొట్టడం మొదలుపెట్టేది.

ఇలా ఉండగా నెక్కొండ నుంచి ఒక భజన మందిరం వాళ్లు పెద్ద జంపఖానా ఒకటి కావాలని వచ్చారు. పదడుగుల వెడల్పు, ఇరవై రెండడుగుల పొడవు. పడుగు పోస్తే, అంటే నిలువు పోగులు సాగదీస్తే, మగ్గం గది మొత్తం నిండిపోతుంది. ఆ గదికి బండి పట్టే తలుపు ఒక్కటే, అదీ వీధి వైపు ఉంది. పడుగు వేసే ముందు రోజు వాన కురుస్తోంటే, బండి తడుస్తుందని సదానందం చెక్క వేసి గడప దాటించి, లోపలి గోడ వారగా నిలబెట్టాడు. మర్నాడు మొగుడూ పెళ్లాలూ కలిసి పడుగు సాగదీశారు. పన్నెండు వందల పోగులు ఆ కొస దుంగ నుంచి ఈ కొస దుంగ దాకా, నడుమెత్తున, వీణ తీగల్లా బిగిశాయి. పని అయ్యాక సదానందం తలుపు దగ్గర నిలబడి చూశాడు. తలుపు ఇటు, బండి అటు, నడుమ పడుగు. మనిషైతే కింద నుంచి పాకి అటు పోవచ్చు. బండి మాత్రం రాదు. ఆ పోగులన్నీ కోస్తే తప్ప ఎవడూ ఆ బండిని బయటికి తీయలేడు.

ఆయన ముఖం విప్పారింది. రెండు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"ఇగ రమ్మను దొంగను. ఎట్ల తీస్తడో నేను గూడ చూస్త."

"మరి మనమెట్ల తీస్తం?" అని అడిగింది భారతి.

"ఇరవై రోజులల్ల నేసుడైపాయె. పడుగు దిగినంక తీస్తం. అప్పటిదాంక పొల్ల ఆటోల పోతది, ఏమాయె?"

సుభాషిణి పుస్తకంలోంచి తలెత్తింది. "బాపూ, మామ బండి నాకిచ్చిండు. నువ్వు మగ్గానికిచ్చినవ్."

అందరూ నవ్వారు. సదానందం కూడా నవ్వాడు. పిల్ల వేళాకోళానికే అందనుకున్నాడు. ఆ రాత్రి నుంచి ఆయనకు కమ్మటి నిద్ర పట్టింది. తెల్లారి లేచి బాలరాజుకు, పక్కింటి వాళ్లకు, దారిన పోయేవాళ్లకు కూడా బండి భద్రం గురించి ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆటో నడిపే ఓంప్రకాశ్ దొరికితే అతణ్నీ వదల్లేదు. బ్యాటరీకి ఇనప జాలీ పెట్టించమని రెండుసార్లు చెప్పాడు.

పరీక్ష ఇరవై ఆరో రోజు, ఆదివారం. లెక్క ప్రకారం జంపఖానా అంతకు ఆరు రోజుల ముందే అయిపోవాలి. కానీ ఎర్ర నూలు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ వెంటనే భారతికి భుజం పట్టేసి మూడు రోజులు పంజా ఎత్తలేకపోయింది. పరీక్ష ముందురోజు రాత్రికి ఇంకా మూడు మూరల పడుగు మిగిలి ఉంది. ఫరవాలేదనుకున్నాడు సదానందం. పరీక్ష సెంటరు హసన్‌పర్తి అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీ. తొమ్మిదిన్నరకు గేటు మూసేస్తారు, నిమిషం ఆలస్యమైనా రానివ్వరు. ఓంప్రకాశ్‌తో మాట్లాడి పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నాడు. "నేనున్న కదనే" అన్నాడు ఓంప్రకాశ్.

ఎనిమిదైంది. ఎనిమిదీ పది అయింది. సుభాషిణి హాల్ టికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. సన్నగా వాన మొదలైంది. సదానందం తువ్వాలు నెత్తిన వేసుకుని రెండు సందుల అవతల ఉన్న ఓంప్రకాశ్ ఇంటికి పరుగెత్తాడు. ఓంప్రకాశ్ ఆటో పక్కన నేల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. సీటు లేపి ఉంది. కింద బ్యాటరీ లేదు. రెండు వైర్లు వేలాడుతున్నాయి.

"తెల్లారేసరికి గుంజుకపోయిండ్రన్నా..."

ఇక్కడ సదానందం వెనక్కి తిరిగి పరుగెత్తి ఉండాల్సింది. తెలివున్న మనిషెవడైనా అదే చేసేవాడు. కానీ మూడు నెలలుగా దొంగలు తప్ప వేరే ఆలోచన లేని మనిషి కదా, నోరు ఆగలేదు.

"చెప్పిన్నా లేదా? జాలీ పెట్టియ్యి, తాళమెయ్యి అని ఎన్నిసార్లు చెప్పిన? నా మాట నవ్వులాటనుకున్నవ్. ఇప్పుడేమాయె?"

ఓంప్రకాశ్ తల ఎత్తకుండా అన్నాడు. "అన్నా, ముందు పొల్ల సంగతి చూడు."

అప్పటికి ఐదు నిమిషాలు గడిచిపోయాయి. ఇంటికి వచ్చేసరికి సుభాషిణి పోచమ్మమైదాన్ చౌరస్తా దాకా పోయి తిరిగి వచ్చింది, జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. ఆటోలన్నీ పరీక్ష రాసే పిల్లలతో కిక్కిరిసి పోతున్నాయట. ఫోన్‌లో బండి బుక్ చేస్తే తెర మీద గుర్తు గుండ్రంగా తిరుగుతూనే ఉంది. బాలరాజు తన బండి మీద తెల్లవారుజామునే ఊరెళ్లాడు. గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది.

ముగ్గురూ ఒకేసారి మగ్గం గదిలోకి చూశారు. పడుగు అవతల, గోడ వారగా, దుమ్ము పట్టి, బండి భద్రంగా ఉంది.

"తాడిప్పుదాం," అన్నాడు సదానందం. "దుంగ కిందికి దించి, గోనెలు పరిచి, మీదికెల్లి బండి దాటిద్దాం."

పడుగు కింద నుంచి పాకుతూ ఆ కొసకు పోయాడు. దుంగను గుంజకు కట్టిన తాడు ఇరవై అయిదు రోజుల బిగువుకీ, వానాకాలపు చెమ్మకీ రాయిలా బిగుసుకుపోయింది. ముడి వేసింది ఆయనే. సదానందం ముడి వేస్తే సదానందమే విప్పలేడని వాడలో పేరు. గోళ్లతో లాగాడు, పళ్లతో లాగాడు, మేకు పెట్టి పొడిచాడు. వేళ్ల కొసలు చిట్లాయి. ముడి ఇసుమంత కూడా కదల్లేదు. విప్పినా ఆ దుంగ దించడానికి నలుగురు కావాలని ఆయనకు తెలుసు. తెలిసీ లాగుతూనే ఉన్నాడు.

"టైమెంతైంది?" అని అరిచాడు.

"యాభై," అంది సుభాషిణి.

చప్పుడైతే తల తిప్పి చూశాడు. భారతి గూట్లోంచి నూలు కోసే కత్తి తీసుకుని, నేయకుండా మిగిలిన మూడు మూరల దగ్గర నిలబడి ఉంది. ఎడమ చేత్తో పిడికెడు పోగులు పట్టుకుంది. సదానందం ముడి వదిలేశాడు. కింద నుంచి పాకి, లేచి, ఆమె కత్తి చేతిని మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దే! పడుగు కొయ్యద్దు!"

ఆ ఇంట్లో నేత పూర్తికాని పడుగును కోసింది ఒక్కసారే. సదానందం తండ్రి పోయిన రోజు. మనిషి పోయిన ఇంట్లోనే పడుగు కోస్తారని చిన్నప్పటి నుంచి విన్నాడు. ఆ రోజు చూశాడు కూడా. ఆ పోగులు తెగిన చప్పుడు ఆయన ఒంట్లో అలాగే ఉండిపోయింది. పిల్ల పరీక్షకు పోయే పొద్దున, పిల్ల కళ్లముందు, ఆ చప్పుడు ఎలా విననిస్తాడు? ఇదంతా నోటితో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెయ్యి మాత్రం పట్టుకున్నాడు.

"ఇడువు," అంది భారతి.

"జర ఆగు. ముడి ఊడుతది. ఇంకో రెండు నిమిషాలు."

"ఇడువయ్యా. పడుగు పోతె మళ్ల పోసుకుంటం. పొల్ల మూడేండ్లు మళ్ల పోస్తవా నువ్వు?"

ఆయన విడవలేదు. ఎంతసేపు పట్టుకున్నాడో ఆయనకు తెలియదు. గడప దగ్గర సుభాషిణి కవరును గుండెకు హత్తుకుని, గడియారం వైపు కాక వాళ్ల చేతుల వైపు చూస్తోంది. చివరికి భారతే చెయ్యి విదిలించి లాక్కుంది. కత్తి పోగుల మీద పడింది. టప్‌మని తెగిన పోగులు రెండు వైపులకూ ఎగిరి పడ్డాయి. ఇంకో పిడికెడు, ఇంకో పిడికెడు. భుజం నొప్పికి పళ్లు బిగబట్టి ఆమె కోసుకుంటూ పోయింది. పదడుగుల దారి తెరుచుకుంది.

ఇరవై అయిదు రోజులు కదలని బండి నాలుగో కిక్కుకు లేచింది. అప్పటికి తొమ్మిది దాటింది.

నలభై దాటి ఎన్నడూ నడపని సదానందం ఆ రోజు ఎంతలో నడిపాడో చూసుకోలేదు. ములుగు రోడ్డు, నయీంనగర్, భీమారం, అన్నీ వానలో మసకగా వెనక్కి పోయాయి. కాలేజీ రోడ్డు మలుపు తిరిగేసరికి గేటు సగం మూసి ఉంది. కానిస్టేబుల్ ఒకతను చెయ్యి ఊపుతూ "లాస్ట్ మినిట్, లాస్ట్ మినిట్" అని కేకలు వేస్తున్నాడు. బండి ఆగకముందే సుభాషిణి దూకి పరుగెత్తింది. ఆమె లోపలికి పోయాక ఇంకో ఇద్దరు అబ్బాయిలు దూరారు. గేటు పడింది.

ఆ తర్వాత ఒక నిమిషానికి చంకలో చంటిబిడ్డతో ఒకామె ఆటో దిగి ఉరుక్కుంటూ వచ్చింది. గేటు ఊచలు పట్టుకుని బతిమాలింది, ఏడ్చింది, లోపలి వాళ్లకు దండం పెట్టింది. ఎవరూ తీయలేదు. చూస్తున్న సదానందం తడిసిన గడ్డి మీద అలాగే కూలబడ్డాడు. ఓంప్రకాశ్‌ను తిట్టిన ఐదు నిమిషాలు, ముడితో పెనుగులాడిన పది నిమిషాలు, భారతి చెయ్యి పట్టుకున్న ఆ కాసేపు. అందులో ఇంకొక్క నిమిషం ఎక్కువైతే ఆ ఊచలు పట్టుకుని ఏడ్చేది తన కూతురే. భయం ఆయన్ను అప్పుడు పట్టుకుంది, గండం గడిచిపోయాక. ఇంటికి ఫోన్ చేశాడు.

"పోయిందా లోపటికి?" అంది భారతి.

"పోయింది."

"మంచిగాయె," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

పన్నెండున్నరకు గేటు తీశారు. గుంపులో సుభాషిణి మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. సదానందం ఎదురెళ్లి కవరు అందుకున్నాడు.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"రాసిన."

"మంచిగ రాసినవా?"

"మొదటి పావుగంట ఏం కనబడలే బాపూ. పేపర్ల అక్షరాలు కనబడలే. అమ్మ చెయ్యే కనబడ్డది. తర్వాత ఎట్లనో రాసిన."

గేటు ముందు జనం ఒకరినొకరు జవాబులు అడుక్కుంటూ పోతున్నారు.

"నేను పడుగు కోసమని పట్టుకోలేదు బిడ్డా. బండి కోసమని గూడ కాదు. నువ్వు పరీక్షకు పోయే పొద్దు... మీ తాత పోయిన్నాడు గట్ల కోసిండ్రు. నీకేమన్న అయితదని భయమైంది."

"అట్లనా," అంది సుభాషిణి. ఆ మాటలో కోపం లేదు. నమ్మినట్టూ లేదు. "అమ్మ మణికట్టు కందిపోయింది. నేను చూసిన. నువ్వు చూసినవా?"

చూడలేదు. కత్తిని చూశాడు, పోగుల్ని చూశాడు, ఆ చేతిని చూడలేదు. భయపడి పట్టుకున్నానని ఇప్పటి దాకా తనకు తాను చెప్పుకుంటూ ఉన్నాడు. కూతురు అలా అడిగాక అది కూడా పూర్తిగా నిజమో కాదో ఆయనకే తెలియకుండా పోయింది. ఇన్నాళ్లుగా చేతికి అందిందల్లా బిగించడమే అలవాటైన మనిషి. ఆ పొద్దున ఆ చెయ్యి కూడా అలాగే బిగించాడేమో.

సుభాషిణి చెయ్యి చాచింది. ఆయన తాళంచెవి ఇచ్చాడు. ఆమె బండి ఎక్కి, ఒక్క కిక్కుకే లేపి, ఆయన కూర్చునే దాకా ఆగింది. ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, సదానందం వెనకున్న కమ్మీని పట్టుకున్నాడు.

హసన్‌పర్తి చెరువు దాటాక, "తప్పయింది బిడ్డా," అన్నాడు. గాలికి వినబడిందో లేదో తెలియలేదు. ముందుకు వంగి మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా. సుభాషిణి వెనక్కి తిరగలేదు, ఊఁ అనలేదు. గుంతలున్న చోట మాత్రం కొంచెం మెల్లగా నడిపింది.